తెరచాప ఓడ మోడల్‌కి రంగులు: కిట్ చార్టు నమ్మాలా, మ్యూజియం ఫోటో నమ్మాలా, మనమే కలుపుకోవాలా?

"విక్టరీకి ఏ పసుపు వెయ్యాలండీ?" చెన్నైలో ఓడ మోడళ్లు చేసే మన తెలుగువాళ్లు ఎవరు కలిసినా ముందు వచ్చే ప్రశ్న ఇదే. ఏదో ఒక సీసా నంబరు చెప్పేస్తే సరిపోతుందనుకుంటారు. కానీ అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: మీరు చేస్తున్నది ఏ ఏడాది నాటి విక్టరీ?

బ్రిటిష్ యుద్ధనౌక హెచ్.ఎం.ఎస్. విక్టరీ 1765లో నీళ్లలోకి దిగింది. 1800 నుంచి 1803 దాకా దానికి భారీ మరమ్మతులు జరిగాయి. వెనక భాగంలో బయటికి తెరిచి ఉన్న గ్యాలరీలను, అంటే బాల్కనీల్లాంటి వసారాలను, అప్పుడే మూసేశారు. 1805 అక్టోబర్ 21న బ్రిటిష్ సేనాని నెల్సన్ నడిపిన ట్రఫాల్గర్ సముద్రయుద్ధంలో పాల్గొన్నది ఆ మారిన ఓడ. మీ కిట్‌లో వెనక గ్యాలరీలు మూసి ఉంటే అది 1805 నాటి రూపం. దానికి ఫిరంగుల వరస వెంట పసుపు చారలు, వాటి మధ్య నలుపు, ఫిరంగి కిటికీల తలుపులు నలుపు. అదే నెల్సన్ చెకర్ అని పిలిచే గళ్ల పద్ధతి. గ్యాలరీలు తెరిచి ఉన్న పాత రూపానికి ఈ గళ్లు వేస్తే, పసుపు ఎంత చక్కగా కుదిరినా ఓడ తప్పే.

ఆ పసుపు ఎలాంటిదన్నది ఇంకో కథ. ఇంగ్లండ్‌లో పోర్ట్స్‌మత్ రేవులో ఉన్న అసలు ఓడకు చాలాకాలం నారింజ ఛాయ ఉన్న ఘాటైన పసుపు వేసేవారు. కొయ్య మీద పొరలు పొరలుగా పేరుకున్న పాత రంగుల్ని పరీక్షిస్తే, ట్రఫాల్గర్ నాటి రంగు అంత ఘాటుది కాదని తేలింది. 2015లో ఓడకు కొత్త రంగు వేశారు. చాలా లేత మట్టిపసుపు, అందులో కొంచెం గులాబీ ఛాయ. అంతకు ముందు అచ్చయిన కిట్ డబ్బాల మీదా, సూచనల పుస్తకాల్లోనూ పాత ఘాటు పసుపే ఉంది. ఆ డబ్బాలు ఇప్పటికీ అమ్ముడవుతూనే ఉన్నాయి.

అందుకే నా సలహా సూటిగా చెప్తాను. ముందు సంవత్సరం చూడండి, తర్వాత పిగ్మెంటు (రంగులో ఉండే అసలు పొడి) చూడండి, బ్రాండు సంగతి చివర్లో. కొయ్య మోడల్ అయితే ఆర్టిస్ట్ అక్రిలిక్ మట్టిరంగులు కొని మీరే కలుపుకోండి. ప్లాస్టిక్ కిట్ అయితే మోడళ్ల కోసమే సీసాల్లో అమ్మే హాబీ రంగులు కొనండి, కానీ వాటినీ సీసాలోంచి తీసినట్టే వెయ్యకండి.

ఏ ఆధారం ఎంత గట్టిది?

కిట్‌తో వచ్చే రంగుల చార్టు సులువైన దారి. ఫలానా భాగానికి ఫలానా నంబరు అని రాసేస్తారు. కానీ ఆ నంబర్లు కిట్ కంపెనీతో ఒప్పందం ఉన్న రంగుల బ్రాండు నుంచి, దగ్గరగా ఉన్నవి చూసి ఎంచినవి. ఓడను పరిశోధించి ఎంచినవి కావు. పైగా ఆ చార్టుకు ఆధారం చాలాసార్లు ఇప్పుడు మ్యూజియంలో నిలబడి ఉన్న ఓడే. బోస్టన్‌లో ఉన్న యు.ఎస్.ఎస్. కాన్స్టిట్యూషన్‌ను చూడండి. ఇప్పుడు దాని నల్లటి పక్కల మీద తెల్లచార ఉంది. బ్రిటన్‌తో జరిగిన 1812 యుద్ధంలో పేరు తెచ్చుకున్ననాడు ఆ చార పసుపు. "1812" అని పెద్దక్షరాలతో ఉన్న పెట్టెలోనే తెల్లచార చూపించే కిట్లున్నాయి. ఎవరి ఇంట్లో చూసినా ఆ తెల్లచారే కనిపిస్తుంటే నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే సరిచేసుకోవడానికి ఒక ట్యూబు పసుపు మట్టిరంగు చాలు.

మ్యూజియం ఫోటో ఇంకా ఊరిస్తుంది, ఇంకా మోసం చేస్తుంది. మబ్బు పట్టిన రోజు తీసిన ఫోటోలో పసుపు బూడిద రంగుకు తిరుగుతుంది, సాయంత్రం ఎండలో తీస్తే నారింజకు తిరుగుతుంది. ఆ మీద మీ ఫోన్ స్క్రీన్ దాన్ని మరింత మెరిపిస్తుంది. ఫోటోను రంగుల హద్దులకు వాడండి: చార ఎక్కడ మొదలవుతోంది, తలుపు లోపలి వైపు ఏ రంగు, ఏ చెక్క నలుపు. ఛాయకు మాత్రం వాడకండి.

ఆ కాలంలోనే చేసిన మోడళ్లు, అంటే బ్రిటిష్ నౌకాదళం వారి నేవీ బోర్డ్ మోడళ్లు, గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియంలోనూ, అమెరికాలో అనాపొలిస్‌లోనూ చాలా ఉన్నాయి. అలంకరణల విషయంలో వీటిని మించిన ఆధారం తక్కువ. కానీ వాటిలో ఓడ అడుగుభాగం ఉత్త కొయ్యగా వదిలేస్తారు, పైగా వందల ఏళ్ల వార్నిష్ పసుపెక్కి ఉంటుంది. పాత తైలవర్ణ చిత్రాలకూ ఇదే ఇబ్బంది.

అన్నింటికన్నా గట్టి ఆధారం అసలు కొయ్య మీద మిగిలిన రంగును పరీక్షించడం. అది ఎంత మార్చగలదో వాసా ఓడ చెప్తుంది. 1628లో మొదటి ప్రయాణంలోనే స్టాక్‌హోమ్ రేవులో మునిగి, 1961లో పైకి తేలిన స్వీడన్ ఓడ అది. దాని శిల్పాలకు నీలం నేపథ్యం మీద బంగారు పూత ఉండేదని మొదట అనుకున్నారు, అలాగే మోడళ్లూ చేశారు. తర్వాత శిల్పాల మీద మిగిలిన రంగు ఆనవాళ్లను పరీక్షిస్తే నేపథ్యం ఎరుపు, బొమ్మలకు రకరకాల మెరిసే రంగులు అని తేలింది. వాసా మ్యూజియంలోని 1:10 మోడల్ (అసలు ఓడలో పదో వంతు) ఇప్పుడు ఆ రంగుల్లోనే ఉంది. కాబట్టి మీరు కొనబోయే వాసా కిట్ నీలం రంగులో కనిపిస్తే, చార్టు పక్కన పెట్టి ఆ 1:10 మోడల్ ఫోటోలు దగ్గర పెట్టుకోండి.

ఏ ఆధారమూ దొరకని ఓడ అయితే? అప్పుడు రంగే వెయ్యకండి. కొయ్యను సానబెట్టి, పలచటి నూనె పూతతో వదిలేసి, బయటి మందపాటి పట్టీలు మాత్రం నలుపు చేయండి. ఊహించి వేసిన ఎరుపు, నీలం కన్నా అది ఎంతో నిజాయితీగా ఉంటుంది, చూడ్డానికీ గొప్పగా ఉంటుంది.

సీసానా, ట్యూబా?

ఆర్టిస్ట్ అక్రిలిక్ మీదే నా మొగ్గు ఎందుకో చెప్పాలి. పాత ఓడలకు ప్రభుత్వ గోదాముల నుంచి వచ్చేవి చవక రంగులు: పసుపు మట్టి, ఎర్ర మట్టి, మసి నలుపు, సీసపు తెలుపు. ఖరీదైన రంగులు కావాలంటే కెప్టెన్ తన జేబులోంచి కొనుక్కోవాల్సిందే. మట్టిరంగులంటే ఇనుప ఆక్సైడ్లు. ఈరోజు మీరు కొనే ఎల్లో ఆకర్, బర్న్ట్ సియెన్నా, ఇండియన్ రెడ్ ట్యూబుల్లో ఉన్నదీ అదే ఇనుప ఆక్సైడు. ట్యూబు వెనక చిన్న అక్షరాల్లో పిగ్మెంటు కోడ్ ఉంటుంది. పీవై 42 లేదా పీవై 43 అంటే పసుపు మట్టి, పీఆర్ 101 అంటే ఎర్ర ఇనుప ఆక్సైడు. ఆ కోడ్ చూసి కొంటే బ్రాండు ఏదైనా దారి తప్పరు. ఎండకూ ఇవి వెలిసిపోవు. క్రాఫ్ట్ రంగుల సీసాల్లో ఎరుపు, గులాబీలకు ఈ హామీ ఉండదు. పడమటి కిటికీ పక్కన షోకేసు ఉన్న ఇంట్లో ఆ తేడా త్వరగానే బయటపడుతుంది.

వీటి లోపాలూ ఉన్నాయి. రంగు చిక్కగా ఉంటుంది, బ్రష్ గీతలు పడతాయి, ఎయిర్ బ్రష్‌లో ఇరుక్కుంటాయి. ఉత్త నీళ్లతో బాగా పలచన చేస్తే పట్టు తగ్గుతుంది, కాబట్టి మ్యాట్ మీడియం (రంగు లేని, మెరుపు లేని అక్రిలిక్ ద్రవం) కలిపి పలచన చేయండి. ఒక మందపు పూత కాకుండా నాలుగైదు పలచటి పూతలు వెయ్యండి. ప్యారిస్ కార్నర్ వైపు స్టేషనరీ కొట్ల వీధుల్లో క్యామెల్ ట్యూబులు ఎప్పుడూ దొరుకుతాయి. రంగు అయిపోతే అదే షేడ్ మళ్లీ దొరకడం ఓడ మోడల్‌కి చిన్న విషయం కాదు.

ఎయిర్‌ఫిక్స్, రెవెల్ లాంటి ప్లాస్టిక్ కిట్లకు మాత్రం ఈ ట్యూబులు అంత నప్పవు. ప్రైమర్ (రంగు పట్టడానికి ముందు వేసే పూత) లేకుండా ప్లాస్టిక్ మీద పట్టవు, ఆ సన్నటి అచ్చు వివరాలు పూడుకుపోతాయి. అక్కడ టమియా, వలేహో బ్రాండ్ల హాబీ రంగులు గెలుస్తాయి. బ్రష్‌తో వేసేవాళ్లకు వలేహో హాయి, నీళ్లతో కడిగేయొచ్చు. స్ప్రే చేసేవాళ్లకు టమియా చాలా నున్నగా కూర్చుంటుంది, కానీ దాని థిన్నరు వేరు. చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో సర్క్యూట్ బోర్డులు తుడవడానికి అమ్మే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోనూ పలచన చేయొచ్చు. హంబ్రోల్ లాంటి ఎనామెల్ రంగులు బ్రష్ గీత లేకుండా పరుచుకుంటాయి, గట్టిగా పడి ఉంటాయి. అయితే ఆరడానికి చాలా సమయం, వాసన, టర్పెంటైన్‌తో కడగడం. మన అపార్ట్‌మెంట్లలో, చిన్నపిల్లలున్న ఇంట్లో నేను వద్దంటాను.

పసుపు కలిపే తీరు

దీని దగ్గర కొంచెం ఆగుదాం, ఎందుకంటే మిగతా రంగులన్నిటికీ ఇదే పద్ధతి. పుల్ల ఐస్ పుల్లలు, లేదా మీ కిట్‌లో మిగిలిన పలక ముక్కలు నాలుగు తీసుకుని, మోడల్‌కు వేసిన ప్రైమరే వాటికీ వెయ్యండి. మొదటి దాని మీద ఎల్లో ఆకర్ ఉన్నదున్నట్టు. రెండో దాని మీద ఆకర్, టైటానియం వైట్ సమానంగా. మూడో దానికి తెలుపు ఆకర్ కంటే రెట్టింపు. నాలుగో దానికి ఆ మూడో మిశ్రమంలోనే, బ్రష్ కొనకు అంటినంత ఇండియన్ రెడ్. ఆ ఎరుపు ఎంత తక్కువైనా ఎక్కువే, ఒక్క చుక్క పడితే మొత్తం ఇటుక రంగు అయిపోతుంది.

రాత్రంతా ఆరనివ్వండి. అక్రిలిక్ ఆరాక కాస్త ముదురుతుంది, తడిగా ఉన్నప్పుడు నిర్ణయించుకోకూడదు. తెల్లారాక నాలుగింటి పక్కన నల్లటి పట్టీ ఒకటి పెట్టి రెండు మీటర్ల దూరం నుంచి చూడండి. చేతిలో పట్టుకున్నప్పుడు బాగున్న మొదటి పుల్ల దూరానికి ఆవపిండి ముద్దలా బరువుగా కనిపిస్తుంది. నాలుగోది దగ్గరగా చూస్తే పాలిపోయినట్టుంటుంది, నలుపు పక్కన దూరం నుంచి చూస్తే 1805 విక్టరీకి అదే చాలా దగ్గర. 18వ శతాబ్దపు మామూలు యుద్ధనౌకకు రెండోది సరిపోతుంది.

ఇంకో మెట్టుంది. ఆ పుల్లల్ని మోడల్ చివరికి నిలబడబోయే చోట, ఆ దీపం కిందే చూడండి. మన ఇళ్లలో ట్యూబ్‌లైట్లు, ఎల్ఈడీలు చాలావరకు 6500 కెల్విన్ కూల్ డేలైట్. దాని కింద మట్టిపసుపు కాస్త ఆకుపచ్చకు తిరుగుతుంది. షోకేసులో 3000 కెల్విన్ వార్మ్ లైటు ఉంటే అదే రంగు నారింజకు తిరుగుతుంది. దీపం మార్చడం తేలికైతే 4000 దగ్గర ఉన్నది పెట్టండి. మార్చలేకపోతే కూల్ లైటు కోసం ఎరుపు రవ్వంత పెంచండి, వార్మ్ లైటు కోసం పూర్తిగా మానేయండి.

తెలుపు అంత ఎక్కువ కలపడానికి ఇంకో కారణం కూడా ఉంది. 1:96 మోడల్‌ను మీటరు దూరం నుంచి చూస్తున్నామంటే, అసలు ఓడను 96 మీటర్ల దూరం నుంచి చూస్తున్నట్టు లెక్క. మధ్యలో అంత గాలి, తేమ ఉన్నప్పుడు రంగుల ఘాటు తగ్గుతుంది, నలుపు తేలికవుతుంది. కాసిమేడు రేవు బయట లంగరేసిన పడవల్ని ఒడ్డు నుంచి చూసినవాళ్లకు ఇది వివరించక్కర్లేదు. మోడల్ ఎంత చిన్నదైతే రంగు అంత లేతబడాలి.

మిగతా భాగాలు

నలుపు ఎప్పుడూ సీసా నలుపు కాకూడదు. నలుపులో బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ మట్టిరంగు), కొంచెం తెలుపు కలిపితే తారు పూసిన కొయ్యలా ఉంటుంది. సీసాలోంచే కావాలంటే టమియా ఎక్స్‌ఎఫ్-69 నాటో బ్లాక్ చాలా నయం.

తెలుపు విషయంలో చరిత్రే హద్దు గీస్తుంది. ఇప్పుడు మనం వాడే టైటానియం తెలుపు 20వ శతాబ్దంలో వచ్చింది. అంతకుముందు సీసపు తెలుపు, అవిసె నూనెలో. అది పసుపెక్కుతుంది. పాత ఓడ మీద ఏ తెలుపుకైనా చిటికెడు ఎల్లో ఆకర్, ఇంకా తక్కువ అంబర్ కలపాలి. మన నౌకాదళపు తెరచాప శిక్షణ ఓడ ఐ.ఎన్.ఎస్. తరంగిణి మోడల్ చేస్తున్నవాళ్లకు ఈ నియమం వర్తించదు. 1997లో నౌకాదళంలో చేరిన ఉక్కు ఓడ అది, దానికి శుభ్రమైన తెలుపే సరైనది.

ఎరుపు దగ్గర ఎక్కువమంది దారి తప్పుతారు. డెక్ చుట్టూ ఉన్న గోడల లోపలి వైపు, ఫిరంగి బండ్లు ఎర్రగా ఉండేవి, రక్తం కనబడకుండా అలా వేసేవారని చెప్తుంటారు. ఎర్రమట్టి చవక కాబట్టి వేశారంతే. కాబట్టి అది కుంకుమ ఎరుపు కాదు, పల్లెల్లో అరుగులకు అలికే జాజు ఎరుపు. ఇండియన్ రెడ్ లేదా లైట్ రెడ్ ట్యూబు తీసుకోండి. నీలం కావాల్సిన ఓడలకు ఏడాది చూసుకోండి: ప్రష్యన్ బ్లూ కనిపెట్టింది 18వ శతాబ్దం తొలి ఏళ్లలో. అంతకు ముందు ఓడకు నీలిమందు ఛాయలో, బూడిద కలిసిన నీలం వెయ్యండి. ఈ కాలపు ఘాటు నీలం థాలో బ్లూ మెరుపు ఏ తెరచాప యుద్ధనౌకకూ నప్పదు.

అడుగుభాగానికి మూడు దారులున్నాయి, వీటిలో ఏది సరైనదో ఓడ కాలమే చెప్తుంది. 1770ల దాకా బ్రిటిష్ ఓడల అడుగుకు చేపనూనె, గంధకం, రెజిన్ కలిపిన లేత రంగు పూత, లేదా తారు పూత ఉండేది. కొయ్యను తొలిచే పురుగు నుంచి కాపాడటానికి రాగి రేకులు పెద్దఎత్తున వచ్చింది 1780 ప్రాంతంలో. విక్టరీకి రాగి పడింది 1780లో. మూడో రకం కటీ సార్క్ లాంటి క్లిప్పర్లది, అంటే వేగంగా వెళ్లే సరుకుల తెరచాప ఓడలది. 1869లో కట్టిన ఆ ఓడకు వేసింది ఉత్త రాగి కాదు. రాగిలో 40 శాతం జింకు కలిపిన మంట్జ్ లోహం, చూడ్డానికి ఇత్తడి. దానికి రాగి ఎరుపు పూసిన కటీ సార్క్ ఎక్కడ చూసినా అది తప్పే. పాత బంగారం రంగుకు అంబర్ కలిపి మెరుపు చంపండి.

రాగి రేకులకు టేపు అంటించాలా, పెయింటు వెయ్యాలా అంటే కొలత చూడండి. అసలు రేకు 4 అడుగుల పొడవు, 14 అంగుళాల వెడల్పు. 1:96లో అది సుమారు 12.7 మి.మీ. పొడవు, 3.7 మి.మీ. వెడల్పు, చేత్తో హాయిగా అంటించొచ్చు. 1:200కు వెళ్తే 6 మి.మీ., 1.8 మి.మీ. అక్కడ టేపు పెట్టుకుంటే కళ్లు పోతాయి, పెయింటే మేలు. రిచీ స్ట్రీట్‌లో దొరికే రాగి టేపు అంటించి వదిలేస్తే చెన్నై ఉప్పుగాలికి అదే గోధుమ రంగుకు తిరుగుతుంది, అదే నాకిష్టం. వేలిముద్రలు మచ్చలు పడకుండా అంటించేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి.

డెక్‌కు కొయ్య ఉంటే రంగు వద్దు, బూడిద ఛాయ స్టెయిన్ చాలు. ప్లాస్టిక్ అయితే ఎక్స్‌ఎఫ్-55 డెక్ టాన్. మాస్టుల్ని (తెరచాప స్తంభాల్ని) పట్టి ఉంచే కదలని తాళ్లు తారు పూసినవి, ముదురు గోధుమ నలుపు. లాగి వదిలే తాళ్లు లేత జనపనార రంగు. తెరచాపలు మల్లెపువ్వు తెలుపు కావు, ఉతకని కోరా గుడ్డ రంగు.

మన గాలి, మన ఓడలు

ఎండాకాలంలో బ్రష్ మీదే రంగు ఆరిపోతుంటే ఫ్యాను ఆపి, టిఫిన్ డబ్బాలో తడి టిష్యూ పరిచి దాని మీద బటర్ పేపరు వేసి రంగు కలుపుకోండి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానల్లో స్ప్రే వార్నిష్ జోలికి వెళ్లకండి. గాల్లో తేమ పూతలో చిక్కుకుని తెల్లటి పొగలా మిగిలిపోతుంది. ఆ రోజుల్లో బ్రష్‌తో వేసే నీటి ఆధారిత మ్యాట్ వార్నిష్ నయం. ఏ ఓడకైనా మెరుపు వార్నిష్ వద్దు. ఆ మెరుపు పడితే మోడల్ బొమ్మలా కనబడుతుంది.

మన దేశంలో పుట్టిన ఓడ చెయ్యాలనుకునేవాళ్లకు నేను ముందు చెప్పేది హెచ్.ఎం.ఎస్. ట్రింకోమలీ. 1817లో బొంబాయిలో ఓడలు కట్టే వాడియా కుటుంబం చేతుల్లో టేకుతో తయారై, ఇంగ్లండ్‌లో హార్ట్‌ల్‌పూల్‌లో ఇప్పటికీ నీళ్ల మీద ఉంది. దాని నల్లటి పక్కల మీద తెల్లచార. నెపోలియన్ యుద్ధాల తర్వాత బ్రిటిష్ ఓడల్లో పసుపు చార పోయి తెల్లచార రావడం మామూలైంది కాబట్టి ఈ ఓడకు ఆ తెలుపు సరైనదే, పైన చెప్పిన పసుపెక్కిన తెలుపు. రంగుల జంజాటమే వద్దనుకుంటే మసులా పడవ చేయండి. మద్రాసుకు రేవు లేని రోజుల్లో దూరంగా లంగరేసిన ఓడల నుంచి మనుషుల్ని, సరుకుల్ని అలల మీదుగా ఒడ్డుకు తెచ్చింది అవే. పలకల్ని మేకులు లేకుండా కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు. దానికి ఉప్పునీళ్లలో నానిన కొయ్య రంగే రంగు: బర్న్ట్ అంబర్, బూడిద కలిపిన పలచటి స్టెయిన్. కుట్లకు కొబ్బరి తాడు రంగులో సన్నటి దారం.

కొనేటప్పుడు ఎల్లో ఆకర్, బర్న్ట్ సియెన్నా, బర్న్ట్ అంబర్, ఇండియన్ రెడ్, నలుపు, టైటానియం వైట్, ఈ ఆరు ట్యూబులూ ఒక మ్యాట్ మీడియమూ చాలు. తెలుపు మాత్రం పెద్దది తీసుకోండి. పక్కల పసుపు ఒకేసారి మొత్తం ఓడకు సరిపడా కలిపి, కాస్త మిగిలేలా, గాలి చొరని చిన్న సీసాలో దాచండి. మూత మీద ఓడ పేరు, ఏడాది, ఏ ట్యూబు ఎన్ని పాళ్లో రాసి పెట్టండి.